పంచాయతీకి చేరని గ్రాంటు పార్లమెంటు లెక్కల్లో ఎలా ‘ఆదా’ అవుతుంది?

వెయ్యి రూపాయల సరుకులు ఎనిమిది వందలకే దొరికితే రెండు వందలు ఆదా అయ్యాయంటాం. అసలు సరుకులే తేకుండా వెయ్యి ఆదా చేశామని ఏ ఇంట్లోనూ అనరు. ప్రభుత్వ జమాఖర్చుల భాషలో మాత్రం ఈ రెండింటికీ ఒకటే మాట. చట్టసభ అనుమతించిన మొత్తంలో మార్చి 31 నాటికి ఖర్చు కాని ప్రతి రూపాయీ ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ లెక్కల్లో ‘ఆదా’ కిందకే వస్తుంది. పని తక్కువలో పూర్తయిందా, పని మొదలే కాలేదా, డబ్బే విడుదల కాలేదా అన్నది ఆ అంకె చెప్పదు. గ్రామ పంచాయతీలకు, మునిసిపాలిటీలకు కేంద్రం ఇచ్చే గ్రాంట్ల మీద పార్లమెంటులో వాదన ఎన్నేళ్లయినా తెగకపోవడానికి ఈ గజిబిజే సగం కారణం. ‘ఇన్ని వేల కోట్లు కేటాయించాం’ అని ఒక పక్షం, ‘మా ఊళ్లకు పైసా రాలేదు’ అని మరో పక్షం చెబుతాయి. చాలాసార్లు రెండూ నిజాలే.

డబ్బు పరిమాణం ముందు చూడాలి. 1993లో 73, 74వ రాజ్యాంగ సవరణలు అమల్లోకి వచ్చాక, స్థానిక సంస్థల వనరులు పెంచే మార్గాలు సూచించడం కూడా, కేంద్ర రాష్ట్రాల మధ్య పన్నుల పంపకాన్ని సూచించే కేంద్ర ఆర్థిక సంఘం బాధ్యతల్లో చేరింది. వాటికి మొదట గ్రాంటు సిఫార్సు చేసింది 10వ ఆర్థిక సంఘం: 1971 గ్రామీణ జనాభా ప్రకారం తలకు 100 రూపాయలు. 14వ సంఘం అయిదేళ్లకు దాదాపు రూ. 2 లక్షల కోట్లు నేరుగా గ్రామ పంచాయతీలకే ఇవ్వమంది, మండల, జిల్లా పరిషత్తులను పక్కన పెట్టింది. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పనిచేసిన 15వ సంఘం మూడంచెలనూ మళ్లీ కలిపి, 2021-26 కాలానికి స్థానిక ప్రభుత్వాలన్నిటికీ రూ. 4,36,361 కోట్లు సిఫార్సు చేసింది. ఇందులో గ్రామీణ సంస్థలకు రూ. 2,36,805 కోట్లు, పట్టణ సంస్థలకు రూ. 1,21,055 కోట్లు, వీటి ద్వారా జరగాల్సిన ఆరోగ్య పనులకు రూ. 70,051 కోట్లు. మిగిలింది కొత్త నగరాలకు, ఉమ్మడి పురపాలక సేవలకు. గ్రామీణ వాటాను ఏడాదివారీగా చూస్తే 2021-22లో రూ. 44,901 కోట్లు, తర్వాత వరుసగా 46,513, 47,018, 49,800, 48,573 కోట్లు.

ఈ గ్రాంటు ఆగితే ఊరు ఆగిపోతుందనడంలో అతిశయోక్తి లేదు. రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో పంచాయతీల ఆర్థిక స్థితిపై వెలువరించిన నివేదిక ప్రకారం 2022-23లో సగటున ఒక పంచాయతీ తన సొంత పన్నులతో తెచ్చుకున్నది దాదాపు 21 వేల రూపాయలు. ఫీజులు, అద్దెలు, వేలం పాటల వంటి పన్నేతర రాబడి సుమారు 73 వేలు. కేంద్ర గ్రాంట్లు దాదాపు 17 లక్షలు. లక్ష రూపాయలు కూడా సొంతంగా లేని సంస్థకు పదిహేడు లక్షలు ఎప్పుడు వస్తాయో తెలియకపోతే అది బడ్జెట్ ఎలా వేసుకుంటుంది?

చర్చించవచ్చు, ఓటు వేయలేరు

ఆర్థిక సంఘం గ్రాంట్లు రాజ్యాంగం 275వ అధికరణ కింద రాష్ట్రాలకు వెళ్తాయి. ఆ అధికరణే ఈ సొమ్మును కేంద్ర సంచిత నిధి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానాపై ‘భారిత వ్యయం’గా ప్రకటించింది. 113వ అధికరణ ప్రకారం భారిత వ్యయాన్ని లోక్‌సభ ఓటుకు పెట్టరు. చర్చకు మాత్రం అడ్డు లేదు. రాష్ట్రపతి, న్యాయమూర్తులు, కాగ్ జీతాల్లాగే రాష్ట్రాలకు దక్కాల్సిన గ్రాంటు కూడా ఏ సభలోనూ మెజారిటీ దయ మీద ఆధారపడకూడదన్నది దీని వెనక ఉన్న మంచి ఉద్దేశం.

దీని పర్యవసానం ఇంకొకటి ఉంది. ఓటు లేని చోట కోత తీర్మానం ఉండదు. ఓటు వేయాల్సిన పద్దుల (శాఖలవారీ ఖర్చు ప్రతిపాదనల) మీద సభ్యులు మూడు రకాల కోత తీర్మానాలు పెట్టవచ్చు. విధానాన్ని వ్యతిరేకిస్తే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. దుబారా ఉందనుకుంటే ఫలానా మొత్తం తగ్గించమంటారు, ఇదే పొదుపు కోత. ఒక నిర్దిష్ట ఫిర్యాదు ఉంటే నూరు రూపాయలు తగ్గించమంటారు. ‘మా జిల్లా పంచాయతీలకు రెండో విడత రాలేదు’ అన్నది సరిగ్గా నూరు రూపాయల కోత తీర్మానానికి సరిపోయే ఫిర్యాదు. కానీ ఈ గ్రాంటు విషయంలో ఆ ఆయుధం సభ్యుడి చేతికి రాదు.

గ్రాంటు ఏ పద్దులో ఉందన్నది మరో చిక్కు. పంచాయతీల పేరు వినగానే ఎవరైనా పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ పద్దు తెరుస్తారు. అందులో కనిపించేది ఏడాదికి సుమారు వెయ్యి కోట్లు. అది శిక్షణకు, అవార్డులకు, సాంకేతిక వ్యవస్థలకు ఉద్దేశించిన సొమ్ము. 2023-24 గ్రామీణ గ్రాంటు నలభై ఏడు వేల కోట్లు ఉన్నది ఆర్థిక శాఖ కింద, ‘రాష్ట్రాలకు బదిలీలు’ అనే పద్దులో. గ్రాంటు విడుదలకు సిఫార్సు చేసేది పంచాయతీరాజ్ శాఖ, విడుదల చేసేది ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం. అందువల్ల పార్లమెంటులోని గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ స్థాయీ సంఘంలో పంచాయతీల సంగతులు క్షుణ్ణంగా తెలిసిన సభ్యులు ఉన్నా వారి ముందుకు వచ్చేది చిన్న పద్దు. పెద్ద పద్దు ఆర్థిక స్థాయీ సంఘం పరిధిలోకి వెళ్తుంది, అక్కడ దాని పక్కన పన్నులు, బ్యాంకులు, రుణాల వంటి బరువైన అంశాలు కాచుకుని ఉంటాయి.

ఇక సభలో సమయం. లోక్‌సభ ఏటా కొన్ని శాఖల పద్దులనే విడిగా చర్చిస్తుంది. గడువు రోజు సాయంత్రం మిగిలినవన్నీ ఒకేసారి ఓటుకు పెడతారు, దాన్నే గిలటిన్ అంటారు. 2018లోనూ, 2023లోనూ మొత్తం పద్దులన్నీ చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. ఆర్థిక శాఖ పద్దులు చర్చకు ఎంపికైనా స్థానిక సంస్థల గ్రాంటు వంతు రావడం అరుదు. చివరికి ఈ విషయం సభలో వినిపించేది మూడు చోట్ల: బడ్జెట్‌పై సాధారణ చర్చలో ఒకటి రెండు వాక్యాలుగా, జీరో అవర్‌లో లేదా సభ్యులు తమ ప్రాంత సమస్యలు లేవనెత్తే 377వ నిబంధన కింద ఓ నిమిషం పాటు, ప్రశ్నోత్తరాల్లో రాతపూర్వకంగా. నిజానికి ఈ మూడింటిలో బలమైనది ఆఖరిదే. అదెలాగో కింద చూద్దాం.

డబ్బు దారిలో ఎక్కడెక్కడ ఆగుతుంది

15వ సంఘం నిబంధనల ప్రకారం గ్రామీణ గ్రాంటు ఏడాదికి రెండు విడతలు, జూన్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి రావాలి. రాష్ట్రాల మధ్య పంపకంలో జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం. రాష్ట్రంలోపల గ్రామ పంచాయతీలకు 70 నుంచి 85 శాతం, మండలానికి 10 నుంచి 25, జిల్లా పరిషత్తుకు 5 నుంచి 15 శాతం మధ్య నిర్ణయించుకోవచ్చు. 15వ సంఘం అయిదేళ్ల కాలంలో గ్రాంటులో 60 శాతం కట్టుబడి ఉన్నది, అంటే టైడ్. సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. జీతాలకు, కార్యాలయ ఖర్చులకు మాత్రం వాడకూడదు.

విడుదలకు షరతులున్నాయి. గత ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకు ముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో ప్రజలకు కనిపించాలి. 2021-22, 2022-23లో రాష్ట్రంలోని కనీసం 25 శాతం సంస్థలు ఈ పని చేస్తే రాష్ట్రానికి పూర్తి వాటా వచ్చేది. 2023-24 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు, లెక్కలు పెట్టిన సంస్థల వరకే గ్రాంటు. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేసి, దాని సిఫార్సులపై తీసుకున్న చర్యల నివేదికను 2024 మార్చిలోగా శాసనసభ ముందు ఉంచాలన్నది మరో షరతు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఎన్నికైన పాలకవర్గం ఉండాలి.

ఈ చివరి షరతు తెలుగు రాష్ట్రాలకు బాగా అనుభవంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 జనవరి ఆఖరుకు గడువు తీరితే 2025 డిసెంబరులో మూడు విడతల్లో పోలింగ్ జరిగింది. మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలన, కేంద్ర గ్రాంటుకు ఆటంకాలు. అయిదేళ్లు నిండేలోపే ఎన్నికలు ముగించాలని 243ఇ అధికరణ స్పష్టంగా చెబుతోంది కాబట్టి షరతులో తప్పు లేదు. ఎన్నికైనవారు లేకుండా ప్రజల డబ్బు ఖర్చవడం ప్రమాదమే. అయితే ఎన్నికలు వాయిదా వేసేది రాష్ట్రం, కుళాయి ఎండిపోయేది ఊరికి. శిక్ష పడాల్సిన చోట పడటం లేదు. పైగా ‘మా గ్రాంటు ఏది?’ అని అధికారికంగా అడగడానికి సర్పంచే లేని సమయం అది. పార్లమెంటు సభ్యుడు ఒక్కడే అడగగలడు.

ఢిల్లీ నుంచి డబ్బు కదిలాక రాష్ట్ర ఖజానాలో రెండో మజిలీ. కేంద్రం నుంచి అందిన 10 పని దినాల్లో స్థానిక సంస్థలకు చేర్చాలి. చేర్చకపోతే ఆలస్యమైన రోజులకు వడ్డీతో కలిపి ఇవ్వాలి. వడ్డీ రేటు ఆ రాష్ట్రం ముందటి ఏడాది మార్కెట్ రుణాలపై సగటున చెల్లించిన రేటు. లెక్క చూస్తే విషయం తెలుస్తుంది: రూ. 500 కోట్ల విడతను 60 రోజులు అదనంగా పట్టి ఉంచారనుకుందాం. ఏడున్నర శాతం రేటు చొప్పున వడ్డీ రూ. 6.16 కోట్లు అవుతుంది. అది పంచాయతీల సొమ్ము. చేర్చినట్టు రాష్ట్ర ఆర్థిక శాఖ సంతకంతో గ్రాంటు బదిలీ ధ్రువపత్రం పంపాకే తర్వాతి విడత కదులుతుంది. అంటే మొదటి విడత ఆలస్యం రెండో విడతను కూడా వెనక్కి నెడుతుంది. జూన్ విడత నవంబరుకు జారితే, అక్టోబరు విడత మార్చికి, లేదా వచ్చే ఆర్థిక సంవత్సరానికి పోతుంది. అలా దాటిపోయిన మొత్తమే ఈ ఏడాది ఢిల్లీ పుస్తకంలో ‘ఆదా’గా కనిపిస్తుంది.

మూడో మజిలీలో జరిగేది మరింత బాధాకరం. గ్రాంటు కాగితం మీద పంచాయతీకి చేరుతుంది, చేతికి అందదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేయడంపై సర్పంచులు రోడ్డెక్కింది ఇందుకే. బకాయి నిజమైనదే కావచ్చు. కానీ ఏ మీటరుకు ఎంత, ఎన్నేళ్లది, అందులో వడ్డీ ఎంత అన్న వివరం పంచాయతీ చూసి ఒప్పుకోకముందే ఖాతా ఖాళీ అయితే, అది తీర్మానంతో చేసిన చెల్లింపు అనిపించుకోదు. ట్రెజరీలో ఫ్రీజింగ్ (చెల్లింపుల నిలిపివేత) ఉంటే సొంత ఇంటి పన్ను డబ్బుతో పెట్టిన బిల్లు కూడా కదలదు.

ఒక ఊరి ఖాతా దగ్గరగా చూస్తే

మూడు వేల జనాభా ఉన్న ఊరికి ఏడాదికి 20 లక్షలు రావాలనుకుందాం. పారిశుద్ధ్యానికి 6 లక్షలు, నీటికి 6 లక్షలు, అన్‌టైడ్ 8 లక్షలు. జూన్‌లో అందాల్సిన 10 లక్షలు ఫిబ్రవరిలో పడ్డాయి. మొత్తం ఒకటే కదా అని పై స్థాయిలో అనిపిస్తుంది. ఊళ్లో అలా ఉండదు.

బ్లీచింగ్ పౌడర్ సంగతి తీసుకోండి. 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు వెయ్యి లీటర్లకు 4 గ్రాముల చొప్పున ఒక నింపుకు 160 గ్రాములు కావాలి. రోజుకు రెండుసార్లు నింపితే 320 గ్రాములు, నెలకు దాదాపు 10 కిలోలు. ఖర్చు పెద్దదేమీ కాదు. మంచి పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది, ఆ మోతాదుతో లీటరుకు 1.3 మిల్లీగ్రాములు కలుస్తుంది, చివరి కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. దీని అవసరం ఎక్కువగా ఉండేది జూలై నుంచి అక్టోబరు దాకా, వరద నీరు పైపుల లీకుల్లోంచి లోపలికి పోయే రోజుల్లో. ఫిబ్రవరిలో డబ్బు పడగానే ఏడాది సరిపడా బస్తాలు కొని గదిలో పెడితే ఎండకు, చెమ్మకు క్లోరిన్ ఎగిరిపోతుంది. వాన కాలానికి అదే 160 గ్రాములు వేసినా ట్యాంకులో పడేది చాలావరకు సున్నపు పొడే. వాటర్‌మన్ రిజిస్టరులో రోజూ వేసినట్టే ఉంటుంది, కుళాయి దగ్గర పరీక్ష చేస్తే క్లోరిన్ ఉన్నట్టు చూపే రంగు రాదు. ఆలస్యంగా వచ్చిన డబ్బు పూర్తిగా ఖర్చయింది, వినియోగ ధ్రువపత్రం కూడా సరిగ్గానే ఉంది, కానీ నీరు శుద్ధి కాలేదు. ఈ నష్టం ఏ పద్దులోనూ నమోదు కాదు.

మోటారు కాలిపోవడం ఇంకోరకం. మే నెలలో బోరు మోటారు కాలితే మర్నాటికి రివైండింగ్ చేయించి దింపాలి. ఖాతాలో డబ్బు లేకపోతే సర్పంచో, కార్యదర్శో చేతి నుంచి పెట్టుకుంటారు, లేదా షాపులో అప్పు పెడతారు. అప్పు మీద ఇచ్చే షాపు ధర పెంచుతుంది. పనిని ముందుగా గ్రామ పంచాయతీ ప్రణాళికలో చేర్చకపోతే పంచాయతీల లెక్కల పోర్టల్ ఈగ్రామ్‌స్వరాజ్‌లో వోచర్ ఎక్కదు. నీటి టైడ్ సొమ్ములో ఉన్న పనిని అన్‌టైడ్‌గా ఎక్కిస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. సర్పంచ్, కార్యదర్శుల డిజిటల్ కీలు రెండూ పనిచేయాలి, ఒక దాని గడువు తీరినా, కొత్త సర్పంచ్ కీ నమోదు కాకపోయినా చెల్లింపు నిలిచిపోతుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి ఎంబీ (పని కొలతల పుస్తకం) రాయడం ఆలస్యమైతే అంతే. ఈ కారణాలతో ఖాతాలో కొన్ని లక్షలు నిల్వ కనబడతాయి. దాన్ని చూపించి ‘ఇచ్చిన డబ్బే ఖర్చు పెట్టలేకపోతున్నారు, ఇంకా ఎందుకు?’ అని సభలో అంటే, పని పూర్తయి బిల్లు వరుసలో ఉన్న సొమ్మునూ, నిజంగా వాడని సొమ్మునూ ఒకే గాటన కట్టినట్టవుతుంది. నిల్వ గురించి మాట్లాడేటప్పుడు రెండూ విడదీసి చెప్పమనడం కనీస న్యాయం.

నిజమైన పొదుపు లేదా అంటే, ఉంది. అది వీధి దీపాల దగ్గరే మొదలవుతుంది. చాలా ఊళ్లలో వీధి దీపాలకు విడిగా మూడో తీగ లాగలేదు, స్విచ్ లేదు, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. 20 వాట్ల ఎల్‌ఈడీలు 150 ఉంటే మొత్తం 3 కిలోవాట్లు. ఇరవై నాలుగు గంటలూ వెలిగితే రోజుకు 72 యూనిట్లు, పన్నెండు గంటలే వెలిగితే 36. ఏడాదికి 13,140 యూనిట్ల తేడా. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే దాదాపు 92 వేలు. సగటు పంచాయతీ సొంత పన్ను రాబడికి ఇది నాలుగు రెట్లు. కానీ మూడో తీగకు, టైమరుకు, మీటరుకు ముందుగా పెట్టుబడి కావాలి. మీటరు లేక కనెక్షన్ సామర్థ్యాన్ని బట్టి డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లు వేస్తుంటే, దీపాలు ఆర్పినా బిల్లు తగ్గదు. అసలైన ఆదాకు ముందు కొంత డబ్బు సకాలంలో చేతిలో పడాలి. గ్రాంటు నిలిపేసి సాధించిన ‘ఆదా’ అసలు పొదుపుకు దారి మూసేస్తుంది.

15వ సంఘం మునిసిపాలిటీలకు పెట్టిన షరతులు వేరు. ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, ఆ తర్వాత వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధితో సమానంగా పెరగాలి. పన్ను పెంపు రాజకీయంగా కష్టమైన ఏడాదిలో పట్టణ గ్రాంటు జారిపోయే ప్రమాదం అందుకే ఎక్కువ.

పత్రాల్లో ఎక్కడ చూడాలి, సభలో ఏం అడగాలి

కేంద్ర బడ్జెట్ పత్రాల్లో ప్రతి వరుసకూ నాలుగు గడులుంటాయి: గత ఏడాది వాస్తవ ఖర్చు, ఈ ఏడాది బడ్జెట్ అంచనా, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది బడ్జెట్ అంచనా. పత్రికల్లో పతాక శీర్షికకెక్కేది నాలుగో గడి. చూడాల్సింది రెండో, మూడో గడుల మధ్య తేడా. ‘రాష్ట్రాలకు బదిలీలు’ పద్దులో గ్రామీణ స్థానిక సంస్థల వరుస తీసి, ఆర్థిక సంఘం చెప్పిన అంకెను ఒక పక్కన రాసుకుని, సవరించిన అంచనాను మరో పక్కన రాస్తే ఎంత ఆగిందో ఫిబ్రవరి 1నే తెలిసిపోతుంది. అదే ఏడాదికి చెందిన వాస్తవ ఖర్చు ఆ తర్వాతి బడ్జెట్‌లో కనిపిస్తుంది. ఈ పద్ధతి ఏ పథకానికైనా పనికొస్తుంది. 2024-25లో ఇంటింటికీ కుళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్‌కు బడ్జెట్ అంచనా రూ. 70,163 కోట్లు, సవరించిన అంచనా రూ. 22,694 కోట్లు. ఊరి నీటి పనుల మీద రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఎందుకు పెరిగిందో ఆ రెండు అంకెలు చెబుతాయి.

ఆగిన డబ్బు ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. మిగలబోతుందని తెలిసిన మొత్తాన్ని ఏడాది ముగిసేలోగా ఆర్థిక శాఖకు అప్పగించాలని సాధారణ ఆర్థిక నిబంధనల్లోని 62వ నిబంధన చెబుతుంది. ఒక పద్దు సొమ్మును నేరుగా మరో పద్దుకు మళ్లించే వీలు లేదు. అయితే ఏడాది మధ్యలో అదనపు ఖర్చు కోరే అనుబంధ పద్దులు సభ ముందుకు వచ్చినప్పుడు మొత్తం అదనపు ఖర్చులో ఎంత నికర నగదుగా బయటకు పోతుంది, ఎంత శాఖల ఆదాతో, పెరిగిన వసూళ్లతో సరిపోతుంది అని విడదీసి చూపుతారు. చర్చలో సభ్యులు మొదటి అంకెనే పట్టుకుంటారు. రెండో అంకెలో ఏయే శాఖల ఆదా కలిసిందో, అందులో విడుదల కాని స్థానిక గ్రాంట్లు ఎంతో అడిగే అవకాశం అక్కడే ఉంది. ఏడాది ముగిశాక ఒక పద్దులో వంద కోట్లు, ఆపైన మిగిలితే కారణాలు ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే పార్లమెంటు ప్రజాపద్దుల సంఘానికి రాసి ఇవ్వాలి. ఆ వివరణల్లో ‘రాష్ట్రాలు షరతులు నెరవేర్చలేదు’ అనే ఒక్క వాక్యంతో సరిపెడితే ఏ రాష్ట్రం, ఏ షరతు అని సంఘం తిరిగి అడగవచ్చు.

ప్రశ్నోత్తరాల సంగతికి వస్తే, లోక్‌సభలో రోజుకు మంత్రి నోటిమాటగా జవాబిచ్చే నక్షత్ర ప్రశ్నలు 20, రాతపూర్వక జవాబు వచ్చే నక్షత్రం లేని ప్రశ్నలు 230 వరకు ఉంటాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. గ్రాంట్ల మీద వచ్చే ప్రశ్న మామూలుగా ‘గత మూడేళ్లలో రాష్ట్రాలవారీగా ఎంత విడుదల చేశారు?’ అని ఉంటుంది. జవాబుగా ఒక అనుబంధ పట్టిక వస్తుంది, దానికి ముందు ‘స్థానిక పాలన ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని అయిదో అంశం’ అనే వాక్యం ఉంటుంది. అంతటితో కథ ముగుస్తుంది. పట్టికలో మొత్తాలు ఉంటాయి, తేదీలు ఉండవు. ఈ గ్రాంటు విషయంలో తేదీ లేని మొత్తం దాదాపు ఏమీ చెప్పదు. 10 పని దినాల నిబంధన, వడ్డీ నిబంధన కేంద్రం పెట్టినవే, వాటి అమలు చూడాల్సిందీ కేంద్రమే. కాబట్టి రాష్ట్ర జాబితా మాట ఇక్కడ అడ్డురాదు.

ప్రశ్న ఇలా ఉంటే జవాబు దాటవేయడం కష్టం: 2023-24 నుంచి ప్రతి విడతకూ రాష్ట్రం నుంచి పూర్తి పత్రాలు అందిన తేదీ, కేంద్రం విడుదల చేసిన తేదీ, రాష్ట్రం స్థానిక సంస్థలకు చేర్చినట్టు ధ్రువపత్రంలో ఉన్న తేదీ ఏవి; 10 పని దినాలు దాటిన విడతలు ఎన్ని; వాటికి రాష్ట్రాలు చెల్లించిన వడ్డీ ఎంత, చెల్లించనిది ఎంత; లెక్కలు ఆన్‌లైన్‌లో లేవని తప్పించిన పంచాయతీలు జిల్లావారీగా ఎన్ని; ఎన్నికైన పాలకవర్గం లేదని ఆపిన మొత్తం ఎంత, ఎన్నికల తర్వాత అందులో ఇచ్చినది ఎంత?

ఆఖరి భాగం ఇప్పుడు మరీ అవసరం. ఒక ఆర్థిక సంఘం కాలంలో షరతు తీరక ఆగిన వాటా తర్వాతి సంఘం లెక్కలోకి దానంతట అదే బదిలీ కాదు. 15వ సంఘం కాలానికి 2026 మార్చి 31 ఆఖరి తేదీ, అరవింద్ పనగరియా అధ్యక్షతన పనిచేసిన 16వ సంఘం సిఫార్సుల కాలానికి 2026 ఏప్రిల్ 1 మొదటి తేదీ. అయిదేళ్ల రూ. 2,36,805 కోట్లలో పంచాయతీల ఖాతాల దాకా చేరినది ఎంత, చేరకుండా ఆదాగా మిగిలినది ఎంత అన్న తుది లెక్కను రాష్ట్రాలవారీగా, విడతలవారీగా సభ ముందు పెట్టమని అడగాల్సిన సమయం కొత్త గ్రాంటు మొదటి విడత విడుదలకు ముందే.